మౌలాలి గుట్ట మల్లె

మా ఇంట్లో పని చేసిపెట్టే ఆమెను ఈ పొద్దున నోటికొచ్చినట్టు తిట్టాను. అంత తిట్టాల్సింది కాదు. ఆమెకూ యాభై దాటాయి, ఇద్దరు మనవలున్నారు. పద్మారావు నగర్‌లో మేముండే మూడో అంతస్తు బాల్కనీలో నాకొక మల్లె కుండీ ఉంది. క్రిస్మస్ దాటిన దగ్గర్నుంచి దానికి నీళ్ళు ఆపి, ఆకు దూసి, ఎండకు వదిలేశాను. చుక్క నీళ్ళు కూడా పోయొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. ఆమెకు రెండుసార్లు చెప్పాను. తీరా పొద్దున చూస్తే కుండీ కింది పళ్ళెంలో నీళ్ళు నిలిచి ఉన్నాయి.

"ఎండిపోతుంటే పానం ఒప్పలేదమ్మా. చెంబెడు పోసిన," అంది.

ఆ మాటతో నా కోపం రెట్టింపైంది. ఆ కోపం ఆమె మీద కాదని నాకే కాసేపటికి గానీ తెలియలేదు. అప్పటికే ఆమె చీపురు మూలన పెట్టి, ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. నేను కుర్చీలో కూలబడ్డాను. ఈ వయసులో కోపం తెచ్చుకోవడం కూడా ఒక చాకిరీయే. కాళ్ళు లాగుతున్నాయి, కాఫీ చల్లారిపోయింది, లేచి వెచ్చబెట్టుకునే ఓపిక లేదు. ఎండిపోతుంటే ప్రాణం ఒప్పలేదన్న ఆ మాట నేను పూర్వం ఒకసారి విన్నాను. అప్పుడు నాకు పదేళ్ళు కూడా నిండలేదు.

అప్పట్లో మేం సికింద్రాబాదులో చర్చి వెనక సందులో ఒక పెంకుటింట్లో ఉండేవాళ్ళం. నాన్నది గుంటూరు వైపు. రైల్వేలో గుమాస్తా పని దొరికి వచ్చి, ఇక్కడి పిల్లను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. అమ్మమ్మ మాతోనే ఉండేది. కంటోన్మెంటు బంగళాల్లో దొరల పిల్లలను ఎత్తుకుని తిప్పీ తిప్పీ మోకాళ్ళు అరగదీసుకుంది. దొరలు ఓడలెక్కి వెళ్ళిపోయారు, మోకాళ్ళ నొప్పులు మాత్రం ఆమెకు మిగిలాయి. చూపు కూడా మందగించింది. ముక్కు మాత్రం మహా చురుకు. సందు మొదట్లో ఎవరింట్లో పోపు మాడిందో, వానకు ముందు స్టేషను బొగ్గు పొగ ఎటు తిరిగిందో, నేను బడి నుంచి వస్తూ ఎవరి చెట్టు చింతకాయ తిన్నానో మంచం మీద నుంచే చెప్పేసేది.

ఆమె పుట్టింది మౌలాలి గుట్ట కింద. వాళ్ళ నాయన రాళ్ళు కొట్టేవాడు. ఆ బండల సందుల్లో ఎండాకాలం ఒక అడవి మల్లె పూసేది. బజారు మల్లెలా బొద్దుగా ఉండదు. సన్నటి రెక్కలు, చిన్న పువ్వు. వాసన మాత్రం గుప్పెడు పూలు పెడితే ఇల్లంతా పట్టేది. వాళ్ళమ్మ రాళ్ళు మోసి దిగేటప్పుడు కొప్పులో అవే పెట్టుకుని దిగేదట. అమ్మమ్మ చిన్నతనంలోనే వాళ్ళు బాప్తిస్మం తీసుకున్నారు. మా సంఘంలో ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోకూడదు. పూలు ఉంటే ఆరాధన బల్ల మీద ఉండాలి, లేకపోతే సమాధి మీద ఉండాలి. అమ్మమ్మ జీవితంలో మళ్ళీ తలలో పూవు పెట్టుకోలేదు. కానీ ముసలితనంలో ఆ వాసన కావాలని మనసు పీకింది.

ఆ మొక్కను తెచ్చిపెట్టింది పక్కింటి ఖాలూ. మా పెరటికీ వాళ్ళ పెరటికీ మధ్య ఒకటే మట్టిగోడ. ఆయన నిజాం సర్కారు కచేరీలో ఉర్దూ కాగితాలు రాసే గుమాస్తా. బాబాయి, పిన్ని అన్నట్టుగా ఆయనను ఖాలూ అనీ, ఆయన భార్యను ఖాలా అనీ పిలిచేదాన్ని, వాళ్ళ ఒక్కగానొక్క కూతురిని ఆపా, అంటే అక్క, అనేదాన్ని. మౌలాలి గుట్ట మీది దర్గాకు వెళ్ళినప్పుడు అమ్మమ్మ మాట మీద ఖాలూ బండల సందులోంచి ఒక తీగను వేళ్ళతో పెకలించి, తడిగోనె చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మా వైపు గోడ మొదట్లో నాటాం. గోడలో రెండు మూడు మట్టి ఇటుకలు ఊడిపోయిన కన్నం ఉండేది. ఆ తీగ మా ఇంట్లో ఏం బాగాలేదనుకుందో ఏమో, సగం ఆ కన్నంలోంచి అటు వెళ్ళిపోయింది.

మా అయ్యగారు, అంటే చర్చి పాస్టరుగారు, ఒకసారి పెరట్లోకి తొంగి చూసి, "ఏమమ్మా, ఈ వయసులో పూల మీదికి మనసు పోయిందా?" అన్నాడు.

"పెట్టుకోవద్దన్నరు అయ్యగారూ, పెట్టుకుంటలేను. పెంచొద్దని గిట్ట బైబిల్ల ఉంటే జెర సదివి చెప్పుండ్రి," అంది అమ్మమ్మ. ఆయన చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

మొదటి వేసవిలో పూసిన నాలుగు పూలూ ఆపా జడలోకి వెళ్ళేవి. ఆపా కన్నం దగ్గర జడ పెట్టి నిలబడితే అమ్మమ్మ ఇటునుంచి తడుముతూ పెట్టేది. నాకు కడుపు మండేది. ఒక ఆదివారం ఒక పువ్వును రిబ్బను ముడిలో దాచుకుని ఆరాధనకు వెళ్ళాను. ప్రార్థన మధ్యలో అయ్యగారి భార్య కళ్ళు మూసుకునే ముక్కు ఎగబీల్చి నా వైపు తల తిప్పింది. ఇంటికి వచ్చాక అమ్మ నా చెవి మెలిపెట్టింది. అమ్మమ్మ మాత్రం, "రెండోవరుస దాంక వచ్చిందా వాసన?" అని మెల్లిగా అడిగింది.

ఆ కన్నంలోంచే అన్నీ వచ్చేవి, పోయేవి. పండక్కి షీర్ ఖుర్మా గిన్నె ఇటు వచ్చేది. క్రిస్మస్‌కు గులాబీ పువ్వులనే పిండివంటా, కజ్జికాయలూ అటు వెళ్ళేవి. ఖాలా వాళ్ళ పుల్లటి పప్పు వాసన వస్తే అమ్మమ్మ, "బిడ్డా, కందిపప్పుల చింతపండు జెర ఎక్కువైంది," అనేది. గోడ అవతల్నుంచి నవ్వు వినబడేది.

తర్వాత ఆ వానాకాలం వచ్చింది. పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునే రోజులు. సందులో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. జనం పెట్టెలు సర్దుకుని బెజవాడ రైళ్ళెక్కుతున్నారు. మా పెట్టె కూడా సర్ది తలుపు దగ్గర పెట్టారు. ఒకరోజు ఖాలూ వచ్చి మా నాన్న చేయి పట్టుకుని, "భాయ్, పరేషాన్ గాకుండ్రి. మేమున్నం గద పక్కకు. మీ ఇంటి మీదికి ఎవడన్న వస్తే ముందు నా ఇల్లు దాటి రావాలె," అన్నాడు. పెట్టె మళ్ళీ మంచం కిందికి వెళ్ళింది.

ఆ తర్వాత పోలీసు చర్య. ఐదు రోజులు బయట అడుగు పెట్టలేదు. బేగంపేట వైపు నుంచి విమానాల మోత వస్తే నన్ను మంచం కిందికి తోసేవారు. మల్లె కన్నం దగ్గర అమ్మమ్మ ఇటు, ఖాలా అటు కూర్చుని, ఒకరు జపమాల తిప్పుకుంటూ ఒకరు కీర్తన పాడుకుంటూ ఉండేవారు. నిజాం లొంగిపోయాడు, అంతా అయిపోయిందన్నారు. వీధిలో మిలిటరీ లారీలు వచ్చాయి, జనం కేకలు వేశారు. ఆ సాయంత్రం నాన్న ఖాలూ వాళ్ళింటికి వెళ్ళి, "మీరేం కంగారు పడకండి. మేం ఉన్నాం కదండీ," అన్నాడు. భయం గోడ దాటి అటువైపు వెళ్ళిపోయిందని నాకు అప్పుడే అర్థమైంది.

వాళ్ళ మీదికి ఎవరూ రాలేదు. కానీ ఖాలూ ఉద్యోగం పోయింది. ఇక ఆ కాగితాలు ఉర్దూలో రాసే పని లేదన్నారు. ఆయన అరుగు మీద కూర్చుని సందు వైపు చూస్తూ ఉండేవాడు. ఒకరోజు అద్దాల బీరువా అమ్ముడుపోయింది. ఇంకోరోజు పెద్ద మంచం పోయింది. నా చేతిలోంచి గడ్డి తినేంత చనువున్న మేకలు రెండూ పోయాయి. కరాచీలో ఉన్న తమ్ముడు రమ్మని ఉత్తరం రాశాడు. ఆపాకు మౌలాలి సంబంధం ముందే కుదిరి ఉంది. ఆ పెళ్ళివారు తాము ఎక్కడికీ వెళ్ళేది లేదన్నారు. కాబట్టి పిల్ల పెళ్ళి చేసి, పిల్లను ఇక్కడే వదిలి, తల్లీతండ్రీ వెళ్ళిపోవాలి. ఈస్టరు తర్వాత వచ్చే శుక్రవారం నికా పెట్టుకున్నారు.

వాళ్ళ పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురి ముఖం మీదికి పూలసరాలు వేలాడదీస్తారు, సెహ్రా అంటారు. ఖాలా కన్నం దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ అడిగింది. "అమ్మా, ఇంట్ల ఏం మిగల్లేదు. దానికి నేను ఏం పెట్టి పంపాలె? సెహ్రాకు పువ్వులన్న మన ఇంటియి ఉంటే నా దిల్ జెర నిమ్మళపడ్తది."

"సెహ్రా మొత్తానికి నా తీగ పూలు సాలవు బిడ్డా. ముంగటికి పడేటి రెండు సరాలకు నేనిస్త. మౌలాలి పిలగాడు, మౌలాలి మల్లె. ఆ వాసన పీల్చుకుంటనే పోతది నీ బిడ్డ అత్తగారింటికి. ఇది నా మాట," అంది అమ్మమ్మ.

ఆమె లెక్కంతా చర్చి పంచాంగం ప్రకారమే. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసాలను మేం లెంటు అంటాం. నన్ను పిలిచి చెప్పింది. "క్రిస్మస్ దాటినంక నీళ్ళు బంద్. ఆకు నువ్వు దూసెయ్యాలె, నాకు కండ్లు కనబడవు. లెంటు షురూ అయిన నాడు కడుపు నిండ నీళ్ళు పోస్తం. ఈస్టర్‌కు మొగ్గలు కడ్తది. గుట్ట మీద దీనికి నీళ్ళు పోసినోళ్ళు ఎవలు? ఇది ఎండకు ఎండినంకనే పూస్తది. నడుమ నీళ్ళు పడ్డయో, ఆకే గాని పువ్వు రాదు. సమజైందా?"

సమజైందన్నాను. ఖాలాకూ చెప్పింది. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడాన్ని వుజూ అంటారు. ఖాలా ఆ గోడ మొదట్లోనే బండ వేసుకుని వుజూ చేసేది, ఆ నీళ్ళు మురుగులో కలవకుండా చెట్టుకు పోతాయని. "రెండు నెల్లు అవతల చేసుకో బిడ్డా," అంది అమ్మమ్మ. ఖాలా బండను తీసి వాకిట్లో వేసుకుంది.

కొత్త సంవత్సరం మర్నాడు నేను ఆకులన్నీ దూసేశాను. వేళ్ళకు పచ్చటి జిగురు అంటింది. అప్పటిదాకా ముద్దుగా ఉన్న తీగ ఎండుపుల్లల కట్టలా మిగిలింది. వారం తిరిగేసరికి కొసలు వాడి వంగాయి. అవతల ఇంట్లో చూస్తే గిన్నెలు కూడా ఒక్కొక్కటే పోతున్నాయి. మేకల్లేవు, మంచం లేదు, ఆపా నాతో తొక్కుడుబిళ్ళ ఆడటం మానేసింది. నాకు దేన్నీ ఆపే శక్తి లేదు. చేతిలో ఉన్నది ఒక్క చెంబు. ఒక సాయంత్రం బియ్యం కడిగిన నీళ్ళు చెంబుతో తెచ్చి, అటూ ఇటూ చూసి, తీగ మొదట్లో పోశాను. ఒక్కరోజే కదా అనుకున్నాను. మర్నాడూ పోశాను. ఆ తర్వాత అలవాటైపోయింది.

"నీళ్ళు పోస్తలేవు గద పొల్లా?" అని అమ్మమ్మ రోజూ అడిగేది.

"లేదమ్మమ్మా," అనేదాన్ని. మోకాళ్ళు వంగవు కాబట్టి ఆమె కింది మట్టిని తడిమి చూడలేదు.

లెంటు మొదలైన బుధవారం నాన్న బావి నుంచి రెండు బిందెలు తెచ్చాడు. అమ్మమ్మ గోడ పట్టుకుని వచ్చి తీగ మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. అంతటా లేత ఆకులు. దువ్వినట్టు పైనుంచి కిందిదాకా తడిమింది. "ఇప్పుడే ఆకెక్కడిది దీనికి? ఎవలన్న నీళ్ళు పోసిండ్రా?" అంది. నాన్న లేదన్నాడు, అమ్మ లేదంది, నేను లేదన్నాను. కన్నం అవతల ఖాలా లోటా తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఈస్టరు దాకా ఆమె రోజూ వచ్చి కొసలు తడిమేది. తీగ గోడెక్కింది, పెంకుల మీదికి పాకింది, ఆకు మీద ఆకు వేసింది. మొగ్గ మాత్రం ఒక్కటి లేదు. అమ్మమ్మ తిండి తగ్గించేసింది. "నా చెయ్యి సచ్చిపోయింది. పెద్ద మాటిచ్చిన, ముసలి ముండను," అని గొణుక్కునేది. అది వింటూ కూడా నేను నిజం చెప్పలేదు. మోండా మార్కెట్టులో నాన్న తెచ్చిన బజారు మల్లెలతోనే ఆపాకు సెహ్రా కట్టారు. అది కూడా అందంగానే ఉంది. ఖాలా ఒక్కసారి ఆ సరాలను ముక్కు దగ్గర పెట్టుకుని, తీసేసి, ముడి వేసింది.

వాళ్ళు బయల్దేరే రోజు పొద్దున ఖాలా వీధి గుమ్మంలోంచి మా ఇంటికి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె మా గడప తొక్కడం అదే మొదలు. అమ్మమ్మ మంచం దగ్గర కింద కూర్చుని, ఆమె రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. నేను తలుపు వెనక ఉన్నాను.

"అమ్మా, నీ చెయ్యి సచ్చిపోలే. గునా నాది, తప్పు నాది. నీళ్ళు నేనే పోసిన. వుజూ చేసినంక లోటాల జెర మిగిలేది. ఆ తీగ అట్ల ఎండిపోతుంటే నాకు దిల్ ఒప్పలె. అన్ని పోతున్నయి, ఇదన్న ఉండనీ అనుకున్న. రోజు పోసిన. నా బిడ్డ సెహ్రాను నా చేతుల్తోనే పాడు చేసుకున్న."

అమ్మమ్మ ఖాలా తల నిమిరి, "ఊకో బిడ్డా. ఎండేదానికి నీళ్ళు పోసుడు గునా ఎట్లయితది?" అంది.

ఇప్పుడు ఒక నిజం చెప్పాలి. ఆ మాటలు వినగానే నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, సంతోషం. హమ్మయ్య, నా మీదికి రాలేదు అనుకున్నాను. రెండు అడుగులు వేసి, ఖాలా, నేను కూడా పోశాను అంటే చాలు. ఆమె బరువు సగమయ్యేది. వెయ్యలేదు. ఖాలా నన్ను దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకుంటే నవ్వాను కూడా. టాంగా సందు మలుపు తిరిగింది.

ఆ సాయంత్రం అమ్మమ్మ అడిగింది. "నువ్వు సుత పోసినవా?"

"లేదు," అన్నాను.

"సరే," అని గోడవైపు తిరిగి పడుకుంది.

మరుసటి ఏడు ఆమె ఆ పని నా మీద వదల్లేదు. అమ్మ చేత ఆకు దూయించి, తానే రోజూ మంచం తీగ పక్కన వేయించుకుని కాపలా కాసింది. ఈస్టరుకు ఆ గోడ కనబడకుండా పూసింది. అవతల ఇంటికి తాళం. మా ఇంట్లో ఎవరూ పెట్టుకోరు. అమ్మమ్మ ఆ పూలన్నీ తడిబట్టలో కట్టి, నాన్నతో పాటు నన్ను మౌలాలి పంపింది. ఆపా అప్పటికి నెలల బిడ్డ తల్లి. మూట విప్పి ముఖం అందులో పెట్టి అలాగే ఉండిపోయింది. తర్వాత పెట్టెలోంచి ఒక ఉత్తరం తీసింది.

"అమ్మి ప్రతి ఖత్తుల ఇదే రాస్తది. నీ సెహ్రాను నేనే ఆగం చేసిన, మాఫ్ చెయ్యి అని. ఎన్ని తీర్ల చెప్పినా వినదు," అంది.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఆపా అదే రోజు రాసి పడేసేది. నాన్న పక్కనే ఉన్నాడని మానేశాను. తర్వాత ఏదో ఒకటి అడ్డం వచ్చేది. పరీక్షలు వచ్చాయి, పెళ్ళి వచ్చింది, టీచరుద్యోగం వచ్చింది. అమ్మమ్మ పోయింది. సమాధి మీద ఆ పూలే వేశాం, ఎవరూ కాదనలేదు. ఆ ఇంటి స్థలంలో వేరే ఎవరో మేడ కట్టారు. గోడ పోయింది, తీగా పోయింది. దాని అంటు ఒకటి మాత్రం నా వెంట ఇల్లిల్లూ తిరిగి ఈ మూడో అంతస్తుకు చేరింది.

ఖాలా కరాచీలోనే పోయిందని ఆపా కబురు పంపితే వెళ్ళాను. అప్పటికి ఇద్దరికీ జుట్టు తెల్లబడింది. ఆఖరి ఉత్తరంలో కూడా ఆ మాటే ఉందట. ఆపా గుట్ట వైపు వరండాలో కూర్చుని ఉంది. ఇక దాచి ఏం లాభం అనిపించి, అన్నీ చెప్పేశాను. బియ్యం కడిగిన నీళ్ళు, రోజూ ఆడిన అబద్ధం, తలుపు వెనక సంతోషం, ఏదీ వదల్లేదు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఇప్పుడు నేను ఎవరికి రాయాలె, చెప్పు?" అంది ఆపా.

ఆపా కూడా పోయి ఏళ్ళయింది. బాల్కనీలో ఎండ తగ్గింది. తడిసిన కుండీని ఎవరూ ఏమీ చెయ్యలేరు, ఈ ఏడు పూయకపోతే పోనీ. పనిచేసే ఆమె రేపు వస్తే, చీపురు పట్టక ముందే పిలిచి కూర్చోబెట్టి చెప్పాలి. చిన్నప్పుడు నేనూ పోశానని.